చేతిరాత బాగుందని రిజిస్టర్ నా చేతికిచ్చారు

ఉత్తరకోస్తా నుంచి ఒక అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. తన పేరు, కాలేజీ పేరు, కంపెనీ పేరు ఏవీ బయటపెట్టొద్దని కోరింది. ఉత్తరం పొడవైనది కాబట్టి ముందు సంగతులు కుదించి చెబుతాను.

ఆమె సివిల్ ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది చదువుతోంది. ఎనిమిదో సెమిస్టర్‌లో క్లాసులుండవు. ఇంటర్న్‌షిప్, ప్రాజెక్టు కలిపి 12 క్రెడిట్లు. హైదరాబాద్ శివార్లలో ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో చేరి ఏడు వారాలైంది, ఇంకో తొమ్మిది వారాలు మిగిలింది. స్టైపెండ్ నెలకు 6,000 రూపాయలు, హాస్టల్‌కే 7,000 పోతుంది. నాన్న ఊళ్లో తాపీమేస్త్రీ. అంతకుముందు పదేళ్లు చెన్నైలో సెంట్రింగ్ పనిచేసి వచ్చాడు. ఇంటర్న్‌షిప్ బాగా చేస్తే ట్రైనీ ఇంజినీర్‌గా తీసుకుంటామని ప్రాజెక్ట్ మేనేజర్ అన్నాడట. ఆ మాట ఇంట్లో చెప్పిన రోజే అమ్మ చుట్టాలందరికీ ఫోన్లు చేసేసింది.

సైట్‌లో ఆమె ఒక సీనియర్ సైట్ ఇంజినీర్ దగ్గర పనిచేస్తోంది. డిప్లొమా చదివి ఇరవై ఏళ్లకు పైగా సైట్ల మీదే ఉన్న మనిషి. "మా సార్ చాలా మంచివారు" అని ఉత్తరంలో నాలుగుసార్లు రాసింది. స్టోర్‌లో ఉన్న సేఫ్టీ షూల్లో అన్నిటికన్నా చిన్నది 7 నంబరు. అవి వేసుకుని స్లాబ్ రాడ్ల మీద తడబడుతూ నడుస్తుంటే చూడలేక, ఆయన సొంత డబ్బుతో 5 నంబరు జత తెచ్చిచ్చాడు. డ్రాయింగ్ చదవడం, బార్ బెండింగ్ షెడ్యూల్ (ఏ రాడ్ ఎంత పొడవు, ఎలా వంచాలో చెప్పే జాబితా) వేయడం, రాడ్ డయాను వర్గం చేసి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో నోటిలెక్కగా చెప్పడం, అన్నీ ఆయన నేర్పినవే. మూడున్నరేళ్లు కాలేజీలో కూర్చుంటే రానిది ఏడు వారాల్లో వచ్చిందంటుంది.

నాలుగో వారంలో ఆయన ఒక రిజిస్టర్ ఇచ్చి, "నీ రాత ముత్యాల్లా ఉందమ్మా, ఈ పేజీలు ఫెయిర్ చేసిపెట్టు" అన్నాడు. అది క్యూబ్ రిజిస్టర్. సివిల్ చదవనివాళ్ల కోసం ఒక మాట: స్లాబ్ పోసేటప్పుడు అదే కాంక్రీటుతో 150 మిల్లీమీటర్ల దిమ్మెలు కొన్ని పోస్తారు. వాటిని నీళ్లలో నానబెట్టి, కొన్నిటిని 7 రోజులకీ మిగతావాటిని 28 రోజులకీ మిషన్‌లో పెట్టి పగలగొడతారు. ఏది ఎంత లోడుకి పగిలిందో రాసే పుస్తకం అది. సార్ చిత్తుకాగితాల మీద రాసిచ్చిన అంకెలను ఈ అమ్మాయి అందంగా ఎక్కించింది. మొత్తం అయిదు పేజీలు.

మార్చి 2న ఏదో పని మీద క్యూబులు నానబెట్టే టబ్బు దగ్గరికి వెళ్లింది. నీళ్లకి పాకుడు పట్టి ఉంది. చెయ్యి పెట్టి ఒక క్యూబ్ పైకి తీస్తే దాని మీద పెయింటుతో "బి బ్లాక్, 4వ స్లాబ్, 12/2" అని ఉంది. అంటే 28 రోజులు మార్చి 12కి గానీ నిండవు. కానీ దాని 28 రోజుల రిజల్టును రెండు రోజుల కిందట, ఫిబ్రవరి 28న, తనే రిజిస్టర్‌లో రాసింది. 38.4 అని (చదరపు మిల్లీమీటరుకి న్యూటన్లలో). పై వరసలో 38.2, కింది వరసలో 38.6. టబ్బులో ఆ స్లాబ్ పేరుతో ఉన్నవి 6 క్యూబులు. రిజిస్టర్‌లో ఉన్నవి 21. ల్యాబ్ టెక్నీషియన్ జనవరిలోనే మానేశాడని, ఇంకా ఎవరినీ పెట్టలేదని ఆ తర్వాత తెలిసింది.

కాలేజీ గైడ్‌కి ఫోన్ చేస్తే, "ఇవన్నీ అన్నిచోట్లా ఉండేవే, అడ్జస్ట్ అవ్వమ్మా, వైవాలో ఇవేమీ అడగరు" అన్నాడు. క్లాసులో చాలామంది 3,000 రూపాయలకు ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ కొనుక్కుని ఇంట్లో కూర్చున్నారు. వాళ్లు "ఎండలో మాడుతున్నావు, పిచ్చిదానివి" అని నవ్వుతున్నారు. నాన్నకి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సంతకం మాత్రం పెట్టకమ్మా. మిగతాది పెద్దోళ్లు చూసుకుంటారు, మనకెందుకు" అన్నాడు. సైట్‌లో ఆడవాళ్లకు టాయిలెట్ గేటు దగ్గర సేల్స్ ఆఫీసులో తప్ప లేదని, అందుకని పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేశానని చివర్లో ఒక్క వాక్యం. ఆ కిందే, "కర్ర విరగకుండా పాము చచ్చే దారి ఉంటే చెప్పండి సార్" అని ముగించింది.

అమ్మా,

అలాంటి దారి ఉంటే చిన్నప్పుడు నేనే అందులో నడిచేవాణ్ని. నాకు తెలిసి లేదు. ఏ దారిలో వెళ్తే కర్ర ఎంత విరుగుతుందో మాత్రం చెప్పగలను, ఎందుకంటే నేనూ చాలా ఏళ్లు సైట్లలో గడిపాను.

ముందు ఆ 38.4 సంగతి చూద్దాం. నీ కాంక్రీట్ టెక్నాలజీ నోట్సు తీసి మిక్స్ డిజైన్ పేజీ తెరువు. మీ స్లాబ్‌కి వాడింది ఎం30 (28 రోజులకి 30 బలం ఉండాల్సిన కాంక్రీటు) అని రాశావు. టార్గెట్ స్ట్రెంగ్త్, అంటే మిక్స్ తయారుచేసేటప్పుడు గురిపెట్టే బలం, ఎంత? 30కి 1.65 రెట్లు 5 కలిపితే 38.25. నువ్వు రాసిన అంకెలన్నీ దాని చుట్టూ ఈగల్లా ముసురుకుని ఉన్నాయి. అవి మిషన్ లోంచి వచ్చిన అంకెలు కావు, పాఠ్యపుస్తకం లోంచి వచ్చినవి. నిజంగా పగలగొట్టిన క్యూబులు అంత బుద్ధిగా ఉండవు. ఒకటి 33.1, ఇంకోటి 41.7, మూడోది 36.9 వస్తాయి. ఒకే శాంపిల్‌లోని మూడు క్యూబులు సగటుకి 15 శాతం అటూ ఇటూ ఉండొచ్చని కాంక్రీటు పనులకు మన దేశపు కోడ్ ఐఎస్ 456 ఊరికే ఒప్పుకోలేదు. రిజిస్టర్‌లో 21 క్యూబులు ఉండటం చూసి కూడా నాకు ఒకటి అర్థమైంది. 180 ఘనమీటర్ల స్లాబ్ అన్నావు. దానికి కోడ్ ప్రకారం కనీసం 7 శాంపిళ్లు, మూడేసి చొప్పున 21. మీ సార్‌కు కోడ్ క్షుణ్ణంగా తెలుసు. తెలిసే రాశాడు.

రెడీమిక్స్ ప్లాంటు వాళ్లు తమ దగ్గర పోసుకున్న క్యూబుల రిపోర్టు చూసి ఎక్కించాడేమో అని నువ్వొక ఆశ పెట్టుకున్నావు. ఆ ఆశ వదులుకో. నిండని 28 రోజుల రిజల్టు ప్లాంటు వాళ్లకీ తెలియదు, బ్రహ్మకీ తెలియదు.

అంకెలు కల్పితమే. అయితే దాన్నుంచి నువ్వు రెండు అడుగులు ముందుకు దూకావు, అక్కడ ఆగాలి. "నేను రాసిన అబద్ధం వల్ల బిల్డింగ్ కూలిపోతుందేమో అని నిద్ర పట్టట్లేదు" అన్నావు. రిజిస్టర్ అబద్ధమైతే స్లాబ్ బలహీనమని కాదమ్మా. మంచి ప్లాంటు నుంచి వచ్చిన ఎం30 చాలాసార్లు 30 దాటుతుంది. అలాగని బలంగా ఉందనీ కాదు. పంపు తేలిగ్గా తొయ్యాలని మిక్సర్ లారీలో నీళ్లు కలిపించడం నువ్వు ఈ ఏడు వారాల్లో చూడకపోయి ఉంటే ఆశ్చర్యమే. ఆ నీళ్లు ఎంత బలాన్ని తిన్నాయో చెప్పాల్సింది ఆ క్యూబే. దాన్ని అడగలేదు కాబట్టి బి బ్లాక్ నాలుగో స్లాబ్ బలం ఎంతో ఇవాళ ఎవరికీ తెలియదు. నీకు, మీ సార్‌కి, ప్రాజెక్ట్ మేనేజర్‌కి, ఇరవై ఏళ్ల లోన్ పెట్టి ఫ్లాటు కొనుక్కుంటున్నవాళ్లకి, ఎవరికీ. ఉన్న సమస్య ఇంతే, దీన్ని పెంచొద్దు, తగ్గించొద్దు.

రెండో దూకుడు మీ సార్ గురించి. ఒక పేజీలో ఆయన దేవుడు, మూడు పేజీల తర్వాత "ఇన్నాళ్లూ నన్ను వాడుకున్నారా" అని రాశావు. 5 నంబరు షూ కొనిచ్చిన మనిషీ, 38.4 రాయించిన మనిషీ ఒక్కరే. ఎవరో ఒకరు నటన అనుకుంటే నీకు సులువుగా ఉంటుంది కానీ నిజం కాదు.

నువ్వు గమనించావో లేదో, ఆ అంకెలు ఎక్కించింది ఫిబ్రవరి 28న, అంటే నెలాఖరు. కాంట్రాక్టరు చేసిన పనికి ప్రతినెలా రన్నింగ్ బిల్లు పెడతారు, ఆ బిల్లు వెనక టెస్టు రిపోర్టులు జత చెయ్యాలి. అవి లేకపోతే బిల్లు ఆగుతుంది. బిల్లు ఆగితే సెంట్రింగ్ వాళ్లకి, రాడ్ బెండింగ్ వాళ్లకి డబ్బులు ఆగుతాయి. శనివారం సాయంత్రం లేబర్ మేస్త్రీ వచ్చి నిలబడేది ప్రాజెక్ట్ మేనేజర్ ఏసీ గది ముందు కాదు, మీ సార్ ముందు. టెక్నీషియన్ లేడు, పెట్టమని అడిగి ఉంటాడు, పెట్టలేదు. బిల్లు మాత్రం టైముకి వెళ్లాలి. ఇది ఆయన చేసినదాన్ని ఒప్పు చెయ్యదు. ఆయనతో మాట్లాడేటప్పుడు నీ నోటి నుంచి ఏ మాట రావాలో తెలియాలంటే మాత్రం ఇది తెలిసి ఉండాలి.

నా సంగతి ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న వంతెన పని మీద నన్ను పెట్టారు. ప్రతి మిక్స్‌కీ స్లంప్ (కోన్ ఎత్తితే తడి కాంక్రీటు ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో) చూసి రాయాలి. మధ్యాహ్నం ఎండకి కోన్ ఎత్తబుద్ధి కాక, రోజంతటికీ 75, 75, 80, 75 అని వేపచెట్టు కింద కూర్చుని రాసేశాను. ఏమీ జరగలేదు. వంతెన ఇప్పటికీ ఉంది, దాని మీద బస్సులు తిరుగుతున్నాయి. ఏమీ జరగకపోవడమే నన్ను చెడగొట్టింది. ఆ తర్వాత మూడేళ్లపాటు నేను ఎప్పుడు చూసి రాశానో, ఎప్పుడు చూడకుండా రాశానో నాకే గుర్తుండేది కాదు. నా పుస్తకాన్ని నేనే నమ్మలేని స్థితి. నీకు మార్చి 2నే చెయ్యి ఆగింది. నాకన్నా మూడేళ్లు ముందున్నావు.

ఇక దారులు.

నోరు మూసుకుని తొమ్మిది వారాలు గడిపేయడం ఒకటి. మీ గైడ్ చెప్పినది ఇదే. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయను, ఎందుకంటే నష్టం కనబడనిది ఇదొక్కటే. సర్టిఫికెట్ వస్తుంది, ఉద్యోగం కూడా రావచ్చు. కానీ జూన్‌లో ట్రైనీ ఇంజినీర్‌గా చేరిన మొదటి వారంలో నీ బల్ల మీదికి వచ్చేది అదే రిజిస్టర్. అప్పటికి నీ రాత ముత్యాల్లా ఉంటుందని అందరికీ తెలిసి ఉంటుంది. ఈసారి "పరీక్షించినవారు" అన్న గడిలో నీ సంతకం కూడా అడుగుతారు. ఇంటర్న్‌గా ఉన్నప్పుడు కాదనలేనిది, జీతం తీసుకుంటూ కాదనడం ఇంకా కష్టం. ఈ దారి ఎంచుకుంటే అది తెలిసి ఎంచుకో.

నాకు ఎక్కువ నచ్చినది వేరే ఉంది. అది నీ ఉత్తరంలోనే ఉంది, నువ్వు చూడలేదు. సైట్‌లో లేనిది ఎవరు? ల్యాబ్ టెక్నీషియన్. చేతినిండా టైము ఉండి, క్యూబ్ ఎలా పోయాలో తెలిసినది ఎవరు? నువ్వు. మూడు పొరలు, పొరకి 35 పోట్లు, మర్నాడు మోల్డు విప్పి నీళ్లలో వెయ్యడం, ఇవన్నీ రెండో ఏడాదో మూడో ఏడాదో ల్యాబ్‌లో చేసే ఉంటావు. ప్రాజెక్ట్ మేనేజర్ లేని వేళ, సాయంత్రం టీ తాగాక, సార్‌తో ఇలా అను: "సార్, 12వ తేదీ స్లాబ్ క్యూబులు ఇంకా టబ్బులోనే ఉన్నాయి. టెక్నీషియన్ వచ్చేదాకా ల్యాబ్ నేను చూసుకోనా? నా ప్రాజెక్టుకి కూడా పనికొస్తుంది. కాకపోతే సార్, రిజిస్టర్‌లో నేను చూసినవే రాస్తాను. చూడనివి ఇక రాయలేను." మొదటి మూడు వాక్యాలూ ఆయనకు సాయం, చివరి రెండూ నీ హద్దు. అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పు. "దొంగ లెక్కలు" అన్న మాట, "నాకు తెలిసిపోయింది" అన్న ధోరణి రానివ్వకు. క్యూబులు టబ్బులో ఉన్నాయి అంటేనే ఆయనకు అంతా అర్థమవుతుంది. ఇరవై ఏళ్లుగా ఆ పనిలో ఉన్నాడు.

ఆయన ఏమంటాడో నేను చెప్పలేను. ఊపిరి పీల్చుకుని "సరే చెయ్యమ్మా" అనవచ్చు. ఆ వయసు ఇంజినీర్లలో ఎవరైనా ఒకరు ముందుకొచ్చి ఈ బరువు దించితే బాగుండునని ఎదురుచూసేవాళ్లు నువ్వు అనుకున్నదానికన్నా ఎక్కువ. అలా అయితే ముందు మిషన్ మీద క్యాలిబ్రేషన్ స్టిక్కర్ తేదీ చూడు. గడువు దాటి ఉంటే బయటి ల్యాబ్‌లో కొట్టించమని అడుగు. ప్రతి స్లాబ్‌కీ క్యూబులు నీ చేత్తో పోసి, తేదీ నువ్వే రాయి. ఏడు వారాలుగా నీకు ప్రాజెక్టు టాపిక్ దొరకలేదన్నావు కదా, ఇంతకన్నా మంచిది ఏముంటుంది?

కోప్పడవచ్చు. "నిన్న మొన్న వచ్చి నాకు చెబుతావా" అనవచ్చు, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. నీకు ఏడుపొస్తుంది. ఏడువు, కానీ క్షమాపణ చెప్పకు. తప్పేమీ అనలేదు నువ్వు. లాగ్‌బుక్‌లో సంతకాలు ఆలస్యం చేస్తాడేమో అన్న భయం ఉంటే, ఆయనతో మాట్లాడే ముందే ఈ ఏడు వారాల సంతకాలు పెట్టించుకో. ఇందులో మోసం ఏమీ లేదు, పనిచేసిన రోజులవి.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది మూడోది. నవ్వేసి, "నువ్వేం టెన్షన్ పడకు, అవన్నీ మేం చూసుకుంటాం" అని రిజిస్టర్ తీసుకెళ్లి ఇంకొకరికి ఇచ్చేస్తాడు. నీ చెయ్యి శుభ్రమవుతుంది, స్లాబ్ సంగతి మాత్రం తేలదు. అప్పుడు పైకి చెప్పాలా వద్దా అన్న ప్రశ్న వస్తుంది. నీ ఉత్తరంలో నిన్ను నిజంగా పీడిస్తున్నది అదేనని నాకు అనిపించింది.

పైకి అంటే క్వాలిటీ విభాగం, లేదా స్ట్రక్చరల్ కన్సల్టెంట్. చెబితే ఏమవుతుందో నిజం చెబుతాను. మొదట వేటు పడేది మీ సార్ మీద, ప్రాజెక్ట్ మేనేజర్ మీద కాదు. ఆ రిజిస్టర్‌లో ఉన్న చేతిరాత నీది కాబట్టి, "ఆ ఇంటర్న్ అమ్మాయి ఏదో తప్పు రాసింది" అనడానికీ వెనకాడరు. ట్రైనీ ఉద్యోగం పోతుందనే అనుకో. ఇదంతా ఒక పక్క. మరో పక్క, ఇలాంటి సమాచారం పైవాళ్లకి నిజంగా అవసరం. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం ఫ్లాటు అప్పగించాక 5 ఏళ్లలోపు స్ట్రక్చర్‌లో లోపం బయటపడితే బిల్డరే తన ఖర్చుతో బాగుచెయ్యాలి. కింద ఎవరో 38.4 అని రాసి పంపితే నష్టపోయేది ఆ కంపెనీ కూడా. పెద్ద కంపెనీల్లో పైన కూర్చున్నవాళ్లకి ల్యాబ్‌లో మనిషి లేడన్న సంగతే తెలియకపోవడం నేను చూశాను.

చెప్పాలనుకుంటే ఒంటరిగా వెళ్లకు. గైడ్‌కి ఫోన్ కాదు, మెయిల్ రాయి, హెచ్‌ఓడీకి కాపీ పెట్టు. ఫోన్లో "అడ్జస్ట్ అవ్వమ్మా" అన్న మనిషి, రాతపూర్వకంగా అదే మాట రాయడానికి చాలా ఆలోచిస్తాడు. అందులో ఆరోపణలొద్దు. ఫలానా తేదీన ఫలానా క్యూబులు టబ్బులో చూశాను, వాటి 28 రోజుల రిజల్టు అప్పటికే రిజిస్టర్‌లో ఉంది, అది సార్ ఇచ్చిన కాగితం చూసి నేనే రాశాను. ఈ మూడు వాక్యాలు చాలు. వాట్సాప్ స్టేటస్‌లూ, రీల్సూ మాత్రం వద్దు. పెట్టిన గంటలో టబ్బు ఖాళీ అవుతుంది, చర్చ అంతా నీ మీదికి మళ్లుతుంది.

దీన్ని ఇప్పుడే చెయ్యమని నేను అనను, ముందు సార్‌తో మాట్లాడు. అయితే రెండు సందర్భాల్లో ఆగొద్దు. ఆ క్యూబుల్ని పగలగొట్టకుండా చెత్తలో పడేస్తే ఒకటి. క్యూబులతో సంబంధం లేకుండా కంటికి కనిపించేది ఏదైనా, అంటే స్తంభంలో తేనెతుట్టెలా బొరియలు పడితే వాటి మీద ప్లాస్టరింగ్ కొట్టించడం, డ్రాయింగ్‌లో ఉన్న రాడ్లు స్లాబ్‌లో లేకపోవడం లాంటిది చూస్తే రెండోది. అప్పుడు సార్ మంచితనం, నీ ఉద్యోగం రెండూ పక్కన పెట్టాల్సిందే.

సైట్ మార్చుకోవడం అన్నది కూడా ఉంది. నువ్వు అడగలేదు కానీ చెబుతున్నా. మధ్యలో వదిలేస్తే చేసిన ఏడు వారాలు లెక్కలోకి వస్తాయో లేదో కాలేజీ నుంచి రాతలో తెలుసుకున్నాకే గేటు దాటు. కోపం వచ్చిన రోజు మాత్రం మానెయ్యకు.

నువ్వు ఎక్కువ భయపడుతున్నది, నిజంగా పగలగొడితే తక్కువ వస్తే ఏం చేస్తారోనని. తక్కువ వస్తే మర్నాడు జేసీబీ రాదు. దానికి పద్ధతి ఉంది. స్లాబ్ నుంచి కనీసం 3 కోర్లు, అంటే గుండ్రంగా తొలిచిన కాంక్రీటు ముక్కలు, తీసి పరీక్షిస్తారు. వాటి సగటు అనుకున్న బలంలో 85 శాతం ఉండి, ఏ ఒక్కటీ 75 శాతం కన్నా తగ్గకపోతే ఒప్పుకోవచ్చని కోడ్ చెబుతుంది. అక్కడా కుదరకపోతే లోడ్ టెస్ట్ ఉంది, బలపరిచే మార్గాలున్నాయి. ఇప్పుడైతే నాలుగో స్లాబ్ దగ్గర చూసుకోవచ్చు. పన్నెండో అంతస్తుకి వెళ్లాక చూసుకోవడం వేరు.

ఇప్పటికే రాసిన అయిదు పేజీలను చింపకు, వైట్‌నర్ పూయకు. అది కంపెనీ పుస్తకం. నిజం రిజల్టులు వచ్చాక పాతవాటిని ఒక్క గీతతో కొట్టి, పక్కన అసలు తేదీతో రాద్దామని సార్‌ని అడుగు. నీ లాగ్‌బుక్ మాత్రం నీ సొంతం. అందులో ఫిబ్రవరి 28 దగ్గర ఇలా రాయి: "సార్ ఇచ్చిన కాగితం చూసి క్యూబ్ రిజిస్టర్ ఫెయిర్ చేశాను. టెస్టు జరగగా నేను చూడలేదు." ఎవరి మీదా నింద లేదు. రేపు ఎవరైనా నీ రాత చూపించి అడిగితే నీ దగ్గర జవాబు ఉంటుంది.

మీ నాన్న గురించి. "నాన్న కూడా అలా అన్నాడు" అని బాధపడ్డావు. ఆయన అన్నది మళ్లీ చదువు. మొదటి వాక్యం "సంతకం మాత్రం పెట్టకమ్మా". మీ గైడ్ చెప్పలేని మాట అది. ఆ మాటకు ముందు కాసేపు మాట్లాడలేదన్నావు కదా. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పనికి వెళ్లినవాళ్లు ఉన్నారు. చెన్నైలో పదేళ్లు సెంట్రింగ్ చేసిన మనిషికి ఆ పేరు తెలియకుండా ఉండదు. మీ సైట్‌కీ దానికీ పోలిక పెట్టడం లేదు, భయపెట్టడమూ లేదు. ఆ కాసేపట్లో ఆయన ఏం గుర్తుచేసుకున్నాడో ఒకసారి ఫోన్ చేసి అడుగు. "మనకెందుకు" అన్నది నీ మీద భయంతో అన్నమాటేమో. కాంక్రీటు గురించి నీ కాలేజీలో ఎవరితోనూ మాట్లాడలేనంతగా ఆయనతో మాట్లాడొచ్చు. తడి మిక్స్ గుప్పిట్లో పట్టుకుని నీళ్లు ఎక్కువయ్యాయని చెప్పే చేతులవి.

సర్టిఫికెట్ కొన్న స్నేహితుల గురించి ఎక్కువ చెప్పను. వాళ్లని చూసి నీకు కడుపు మండుతోంది, న్యాయమే. అయితే ఒకటి చెబితే కోపం తెచ్చుకోకు. జరగని ఇంటర్న్‌షిప్‌కి వాళ్లు కొన్న కాగితం, జరగని టెస్టుకి నువ్వు రాసిన పేజీ, రెండూ ఒకే జాతివి. తేడా అల్లా, నీకు తెలిసింది, నువ్వు ఆగావు.

చివరి వాక్యంగా రాసిన టాయిలెట్ సంగతి నా దృష్టిలో మొదట రాయాల్సినది. మార్చి ఎండలో స్లాబ్ మీద నిలబడి నీళ్లు తాగకపోవడం ధైర్యం కాదు, ఇన్‌ఫెక్షన్ తెచ్చుకునే పని. 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టం నుంచే సైట్‌లో తాగునీరు, మరుగుదొడ్లు తప్పనిసరి. నీ ఒక్కదాని కోసం అడగడానికి మొహమాటమైతే, ఇసుక మోసే ఆడవాళ్లందరి కోసం అడుగు. వాళ్లు గేటు దాకా కూడా వెళ్లరు, సేల్స్ ఆఫీసులోకి వాళ్లని రానివ్వరు. రేపటి నుంచి సీసా నిండా నీళ్లు తీసుకెళ్లు, గంటకోసారి తాగు. సేల్స్ ఆఫీసుకి నడవాల్సి వస్తే నడువు, ఎవరేమనుకున్నా సరే.

ఈ సమాధానం నువ్వు చదివేసరికి మార్చి 12 దాటిపోయి ఉండొచ్చు. దాటినా ఫరవాలేదు, 32 రోజులకు పగలగొడితే 32 రోజులు అని రాస్తే సరిపోతుంది. ఆ 6 క్యూబులూ టబ్బులోనే ఉన్నాయేమో ముందు వెళ్లి చూడు. పగలగొట్టేటప్పుడు పక్కనే నిలబడి, లోడ్ ఎంతకి ఆగిందో నీ కళ్లతో చూసి రాయి. ఎంత వచ్చిందో నాకూ రాయి.